సోరియాసిస్ చికిత్స

సోరియాసిస్ చర్మాన్ని, తలను, గోళ్ళను, కొందరిలో కీళ్ళను బాధించే దీర్ఘకాలిక వ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. రోగిని తాకినందువల్ల గానీ, వారి బట్టలు, దువ్వెన, కంచం వాడినందువల్ల గానీ ఇతరులకు రాదు. మళ్ళీ రాకుండా దీనిని సమూలంగా తొలగించే మందు ఇంతవరకు లేదు. 2014 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ చేసిన తీర్మానంలో కూడా దీనిని పూర్తిగా నయంకాని దీర్ఘవ్యాధిగానే పేర్కొన్నారు.

నయం కాదన్న మాటకు చికిత్స లేదని అర్థం కాదు. మచ్చలను చాలావరకు, కొందరిలో పూర్తిగా తొలగించి, ఏళ్ళ తరబడి వ్యాధిని అదుపులో ఉంచగల పద్ధతులు అనేకం ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ ఒక ప్రయోజనం, ఒక మూల్యం ఉన్నాయి. కొన్ని చర్మాన్ని పలుచబరుస్తాయి, కొన్ని కాలేయాన్ని గానీ మూత్రపిండాలను గానీ శ్రమపెడతాయి, కొన్ని కేవలం ధరవల్ల సామాన్యులకు అందవు. శాశ్వత నివారణ కోసం వెతుకుతూ పోయిన రోగులకు వ్యాధికంటె మందులవల్లనే ఎక్కువ హాని కలగడం మన ప్రాంతంలో అరుదు కాదు. అందువల్ల ఏ చికిత్స ఏమి ఇస్తుంది, ఏమి తీసుకుంటుంది అన్నది రోగులూ, కుటుంబసభ్యులూ తెలుసుకోవలసిన విషయం.

వ్యాధి స్వభావం

ఆరోగ్యవంతుల చర్మంలో అడుగు పొరలో పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఇదంతా నాలుగైదు రోజుల్లోనే జరిగిపోతుంది. పక్వం కాని కణాలు ఒకదానిపై ఒకటి పేరుకొని వెండిరంగు పొలుసులుగా కనబడతాయి. దీనికి మూలం చర్మంలో కాక రోగనిరోధక వ్యవస్థలో ఉన్నది. టి కణాలనబడే తెల్లరక్తకణాలు అకారణంగా ఉత్తేజితమై కొన్ని రసాయన సందేశాలను విడుదల చేస్తాయి. వీటిలో టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23 ముఖ్యమైనవి. ఇటీవలి ఖరీదైన మందులలో చాలావరకు వీటిలో ఏదో ఒకదానిని అడ్డుకొనేవే.

ఈ వ్యాధికి వంశపారంపర్య ధోరణి ఉన్నది గానీ, తల్లిదండ్రులకు ఉన్నంత మాత్రాన పిల్లలకు తప్పక రావాలని లేదు. గొంతునొప్పి, చర్మానికి తగిలిన గాయం, మానసిక ఒత్తిడి, మద్యం, పొగాకు, రక్తపోటుకు వాడే కొన్ని బీటా బ్లాకర్లు, లిథియం, మలేరియాకు వాడే క్లోరోక్విన్ వంటివి దీనిని రెచ్చగొట్టవచ్చు.

పాఠ్యపుస్తకాలు ఎర్రని మచ్చలను వర్ణిస్తాయి. చామనఛాయ లేదా నల్లని చర్మంపై ఆ ఎరుపు స్పష్టంగా కనబడదు. మచ్చలు ఊదా, ముదురు గోధుమ, బూడిద రంగుల్లో ఉంటాయి. పొలుసులు పోయి చర్మం నునుపైన తరువాత కూడా నల్లని లేదా తెల్లని మరక కొన్ని నెలలు మిగిలిపోతుంది. ఇది వ్యాధి కాదు, తగ్గిన వ్యాధి విడిచిన గుర్తు మాత్రమే. ఈ తేడా తెలియక, మరక పోలేదని బలమైన పూతమందును కొనసాగించడం అనవసరమైన హానికి దారితీస్తుంది.

ఎంపికకు ఆధారాలు

రోగి అరచేయి, వేళ్ళతో సహా, అతని శరీర ఉపరితలంలో సుమారు 1 శాతానికి సమానం. ఈ కొలతతో మచ్చలు 3 శాతం లోపు ఉంటే స్వల్పమనీ, 10 శాతం మించితే తీవ్రమనీ స్థూలంగా లెక్కిస్తారు. స్వల్పమైన వ్యాధికి పైపూత మందులు చాలు. తీవ్రమైనదానికి కాంతి చికిత్స గానీ, నోటి మందులు గానీ, సూదిమందులు గానీ అవసరమవుతాయి.

ఈ కొలత అన్నివేళలా సరిపోదు. అరచేతుల్లో మాత్రమే పగుళ్ళున్న రైతుకూలీకి శాతం లెక్కన వ్యాధి స్వల్పమే, కాని పార పట్టుకోలేని స్థితి స్వల్పం కాదు. ముఖం, తల, గోళ్ళు, అరికాళ్ళు, జననాంగాలపై వచ్చే సోరియాసిస్‌ను కొద్దిగా ఉన్నా తీవ్రంగానే పరిగణించడం ఇప్పుడు ఆచారం.

కీళ్ళ విషయం మరీ ముఖ్యమైనది. రోగులలో కొందరికి కీళ్ళవాతం కూడా వస్తుంది. ఉదయం లేవగానే అరగంటకు మించి కీళ్ళు బిగుసుకొని ఉండటం, వేలు మొత్తం ఉబ్బడం, మడమ నొప్పి దీని గుర్తులు. చర్మానికి రాసే ఏ మందూ కీళ్ళపై పనిచేయదు. ఆలస్యమైతే కీళ్ళు శాశ్వతంగా వంకర తిరుగుతాయి కనుక, ఈ గుర్తులున్నవారికి చర్మంపై మచ్చలు తక్కువగా ఉన్నా లోపలికి మందులు ఇవ్వవలసి వస్తుంది.

పైపూత మందులు

అన్నిటికంటె చవకైనవి, అన్నిటికంటె నిర్లక్ష్యానికి గురయ్యేవి తేమనిచ్చే లేపనాలు. కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ, ద్రవ పారఫిన్ వంటివాటిని స్నానమైన వెంటనే తడి ఆరకముందే రాస్తే పొలుసులు మెత్తబడి, పగుళ్ళు, దురద తగ్గుతాయి. వీటితో వ్యాధి పోదు గానీ, మిగతా మందుల అవసరం తగ్గుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉన్నది. పారఫిన్ లేపనాలు ఇంకిన బట్టలు, దుప్పట్లు నిప్పు తగిలితే వేగంగా మండుతాయి. పొయ్యి, దీపం, సిగరెట్టు దగ్గర ఈ విషయం గుర్తుంచుకోవాలి.

మందమైన పొలుసులను కరిగించడానికి సాలిసిలిక్ ఆమ్లాన్ని వాడతారు. పొలుసులు తొలగితే ఇతర మందులు లోపలికి బాగా చేరతాయి. దీనిని ఒళ్ళంతా రాస్తే రక్తంలో కలిసే ప్రమాదమున్నది కనుక పిల్లలకు వాడరాదు.

పాత మందులలో బొగ్గు తారు, డైత్రనాల్ చెప్పుకోదగినవి. 1925లో అమెరికాలో గోకర్‌మన్ అనే వైద్యుడు తారు పూసి, అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. తారు వాసన, బట్టలకు అంటే మరకల వల్ల రోగులు దానిని ఇష్టపడరు. నేడు ఎక్కువగా తలకు వాడే షాంపూలలో మిగిలి ఉన్నది. డైత్రనాల్ పుట్టుకలో గోవా పేరు వినిపిస్తుంది. బ్రెజిల్‌లో పెరిగే ఒక చెట్టు నుండి తీసిన పొడిని పోర్చుగీసువారు గోవాకు తెచ్చారు. దానిని తామరకు వాడేవారు. 1870లలో లండన్‌కు చెందిన బాల్మానో స్క్వైర్ ఆ "గోవా పొడి" సోరియాసిస్‌పై పనిచేస్తుందని గమనించాడు. అందులోని పదార్థం ఆధారంగా తరువాత తయారైనదే డైత్రనాల్. ఇది సమర్థమైనదే, లోపలి అవయవాలకు హాని చేయదు. కాని మామూలు చర్మాన్ని మండిస్తుంది, తాకినదానికల్లా ఊదారంగు మరక అంటిస్తుంది.

స్టెరాయిడ్ పూతలు నేడు అత్యధికంగా వాడే మందులు. 1952లో హైడ్రోకార్టిసోన్‌తో మొదలై ఇవి బలాన్నిబట్టి అనేక తరగతులుగా పెరిగాయి. బీటామెథాసోన్ బలమైనది, క్లోబెటసాల్ అత్యంత బలమైనది. దురద రెండు మూడు రోజుల్లో, పొలుసులు రెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. వాసన లేదు, మరక లేదు, ధర తక్కువ. ఈ సుగుణాలే వీటి దుర్వినియోగానికి కారణమయ్యాయి. నెలల తరబడి రాస్తే చర్మం సిగరెట్టు కాగితంలా పలుచబడుతుంది, రక్తనాళాలు పైకి కనబడతాయి, తొడలపై, చంకల్లో చారలు పడతాయి. ఈ చారలు ఇక పోవు. ముఖంపై మొటిమలు, కంటిరెప్పల దగ్గర వాడితే కంటిలో ఒత్తిడి పెరగడం వంటివి కూడా సంభవిస్తాయి. ఒక్కసారిగా ఆపితే వ్యాధి మునుపటికంటె ఉధృతంగా తిరిగి రావచ్చు.

అందుకే క్లోబెటసాల్ వంటివాటిని వారానికి 50 గ్రాములకు మించకుండా, 2 నుండి 4 వారాల వరకు రాసి, ఆపైన రోజు విడిచి రోజు, తరువాత వారానికి రెండు రోజులు అన్నట్లుగా తగ్గిస్తూ పోతారు. ముఖానికి, చర్మపు ముడతలకు తేలికపాటివే వాడాలి. పెద్దవారి చూపుడువేలి కొన నుండి మొదటి గీత వరకు ట్యూబునుండి తీసిన మందు సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

భారతదేశంలో ఈ ట్యూబులు చాలాకాలం చీటీ లేకుండానే దొరికాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం నియమాలను సవరించి వైద్యుని చీటీ తప్పనిసరి చేసింది. అయినా స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయోటిక్ ఒకే ట్యూబులో కలిపిన మిశ్రమాలను మందుల దుకాణంలో అడిగి కొనే అలవాటు పోలేదు. పొలుసులతో కూడిన గుండ్రని మచ్చ తామరా, సోరియాసిసా అన్నది తేలకముందే ఇలాంటి మిశ్రమాన్ని రాస్తే రెండింటి రూపమూ మారిపోయి, తరువాత చూసిన వైద్యునికి కూడా రోగనిర్ణయం కష్టమవుతుంది.

స్టెరాయిడ్ల వాడకాన్ని తగ్గించడానికి ఉపకరించేవి విటమిన్ డి సంబంధిత లేపనాలు. 1985లో జపాన్‌లో ఎముకల బలహీనతకు విటమిన్ డి రూపాన్ని తీసుకుంటున్న ఒక రోగికి ఉన్న సోరియాసిస్ కూడా తగ్గడం వైద్యుల దృష్టికి వచ్చింది. దాని ఫలితమే కాల్సిపోట్రియాల్. ఇది చర్మాన్ని పలుచబరచదు కనుక దీర్ఘకాలం వాడవచ్చు. నెమ్మదిగా పనిచేయడం, ముఖంపై మంట పుట్టించడం, ధర దీని లోపాలు. వారానికి 100 గ్రాములు మించితే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. బీటామెథాసోన్‌తో కలిపిన లేపనం విడివిడిగా వాడినదానికంటె మెరుగ్గా పనిచేస్తుంది. సాలిసిలిక్ ఆమ్లంతో కలిపితే మాత్రం కాల్సిపోట్రియాల్ నిర్వీర్యమవుతుంది.

ముఖం, చంకలు, గజ్జల వంటి సున్నిత ప్రదేశాలకు టాక్రోలిమస్ అనువైనది. మొదటి రోజుల్లో మంట పుడుతుంది, తరువాత సర్దుకుంటుంది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టాపినరాఫ్, రోఫ్లూమిలాస్ట్ క్రీములు స్టెరాయిడ్ లేని కొత్త పూతమందులు.

కాంతి చికిత్స

ఎండ తగిలితే మచ్చలు తగ్గుతాయని రోగులకు చాలాకాలంగా తెలుసు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలోని టి కణాలను అణచడమే దీనికి కారణం. నేడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల దగ్గరి తరంగదైర్ఘ్యం గల సన్నని పట్టీ, అనగా నారోబ్యాండ్ యూవీబీ. వారానికి 2 లేక 3 సార్లు, మొత్తం 20 నుండి 30 సార్లు, నిలువెత్తు దీపాలున్న గదిలో కొద్ది సేపు నిలబడాలి. లోపలికి మందేమీ అవసరం లేదు కనుక గర్భిణులకు, కాలేయవ్యాధి ఉన్నవారికి కూడా ఇవ్వవచ్చు. చాలామందికి కొన్ని నెలల ఉపశమనం లభిస్తుంది.

దీని అసలు మూల్యం ప్రయాణం. ఈ పరికరాలు వైద్యకళాశాల ఆసుపత్రులలోనూ, పట్టణాల్లోని చర్మవైద్యుల వద్దనూ మాత్రమే ఉంటాయి. వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చే కూలీకి రెండు నెలల పాటు ఆ రోజుల పని పోతుంది. అందువల్ల మధ్యలో మానేసేవారు ఎక్కువ. తలవెంట్రుకల కింద, ముడతల్లో కిరణాలు చేరవన్నది మరో పరిమితి.

దీనికంటె పాతది, బలమైనది ప్యూవా పద్ధతి. సోరాలెన్ అనే పదార్థాన్ని మింగి రెండు గంటల తరువాత యూవీఏ కిరణాలకు గురిచేస్తారు. 1974లో హార్వర్డ్ వైద్యులు పారిష్, ఫిట్జ్‌పాట్రిక్ మొదలైనవారు దీనిని ప్రకటించారు. సోరాలెన్లు మనకు కొత్త కావు. బొల్లికి మన వైద్యులు వాడిన బావంచి గింజల్లో ఉన్నవి ఈ జాతి పదార్థాలే. ప్యూవా వల్ల వికారం, చర్మం నల్లబడటం, కాలిన బొబ్బలు కలుగవచ్చు. మందు మింగిన రోజంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకోకపోతే కంటికి హాని. 200 సార్లకు మించి తీసుకున్న తెల్లజాతివారిలో చర్మ క్యాన్సర్ పెరిగినట్లు దీర్ఘకాల పరిశీలనలో తేలింది. నల్లని చర్మం వారిలో ఈ ముప్పు చాలా తక్కువ. బావంచి గింజలను సొంతంగా నూరి పూసి ఎండలో కూర్చోవడం మాత్రం తీవ్రమైన కాలిన గాయాలకు దారితీస్తుంది, ఎందుకంటే అందులో మోతాదును కొలిచే మార్గం లేదు.

మెథోట్రెక్సేట్

తీవ్రమైన సోరియాసిస్‌కు భారతదేశంలో విరివిగా వాడే నోటి మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసి, ఆపైన దానికి విరోధులైన పదార్థాలను రూపొందించింది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. 1951లో గుబ్నర్ బృందం కీళ్ళవాత రోగులకు అమినోప్టెరిన్ ఇస్తూ, వారిలో సోరియాసిస్ ఉన్నవారి చర్మం కూడా బాగుపడటం గమనించింది. తరువాత అదే కుటుంబానికి చెందిన, కొంత సురక్షితమైన మెథోట్రెక్సేట్ దాని స్థానంలోకి వచ్చింది. తన మందు చర్మవ్యాధికి ఉపయోగపడుతుందని ఆ శాస్త్రవేత్తకు తెలిసే అవకాశమే లేకపోయింది.

ఇది చర్మానికీ, కీళ్ళకూ కూడా పనిచేస్తుంది, చాలా చవక. ఫలితం కనబడటానికి ఒకటి రెండు నెలలు పడుతుంది.

దీని విషయంలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటే. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజు మాత్రమే తీసుకోవాలి. సాధారణంగా 7.5 నుండి 25 మిల్లీగ్రాముల వరకు వైద్యుడు నిర్ణయించిన మోతాదు వారం మొత్తానికి సంబంధించినది. దీనిని పొరపాటున రోజూ మింగినవారు ప్రపంచంలో అనేకచోట్ల మరణించారు. రోజూ తీసుకుంటే ఎముకమజ్జ రక్తకణాల తయారీని ఆపివేస్తుంది. నోటిపూత, జ్వరం, చర్మం కింద రక్తపు చుక్కలు దాని తొలి గుర్తులు. ఇవి కనబడితే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఇచ్చే విరుగుడు ఫోలినిక్ ఆమ్లం. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

ఈ పొరపాటు జరగడానికి కారణాలు సామాన్యమైనవి. మిగతా మందులన్నీ రోజూ మింగేవే కావడం ఒకటి. చీటీ ఆంగ్లంలో ఉండటం ఇంకొకటి. దుష్ఫలితాలు తగ్గించడానికి మిగతా రోజుల్లో ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు బిళ్ళ కూడా తరచు చిన్నదిగా, పసుపురంగులోనే ఉండటంతో ఒకదానికి బదులు ఇంకొకటి మింగడం మరొకటి. వృద్ధులకు ఇంట్లోవారెవరైనా వారం పేరు తెలుగులో పెద్దగా అట్టపై రాసి, ఆ రోజున తామే బిళ్ళలు ఇవ్వడం ఉత్తమం. ఒక వారం మరచిపోతే మరుసటి వారం రెట్టింపు వేయరాదు.

మందు మొదలుపెట్టేముందు, తరువాత నిర్ణీత వ్యవధుల్లో రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. మద్యం తీసుకునేవారిలో, మధుమేహం, స్థూలకాయం ఉన్నవారిలో కాలేయం గట్టిపడే ముప్పు ఎక్కువ. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్‌ను దీనితో కలిపి వాడితే మజ్జ దెబ్బతింటుంది. కనుక జ్వరానికో, మూత్రంలో మంటకో వేరొక వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ మందు వాడుతున్న సంగతి చెప్పాలి.

ఇతర నోటి మందులు

సైక్లోస్పోరిన్ కొద్ది వారాల్లోనే పనిచేస్తుంది కనుక ఒళ్ళంతా వ్యాపించిన అత్యవసర పరిస్థితుల్లో ఉపకరిస్తుంది. రక్తపోటును పెంచి, మూత్రపిండాలను క్రమంగా దెబ్బతీస్తుంది కాబట్టి సాధారణంగా ఒకటి రెండేళ్ళకు మించి ఇవ్వరు.

అసిట్రెటిన్ విటమిన్ ఎ సంబంధిత మందు. రోగనిరోధక శక్తిని తగ్గించదు. చీము పొక్కుల సోరియాసిస్‌లోనూ, అరచేతులు, అరికాళ్ళ వ్యాధిలోనూ విలువైనది. పెదవులు ఎండిపోవడం, జుట్టు రాలడం, రక్తంలో కొవ్వు పెరగడం సామాన్యం. పిండానికి తీవ్రమైన వైకల్యాలు కలిగిస్తుంది. ఆపిన తరువాత కూడా మూడేళ్ళ వరకు గర్భం రాకూడదు, అంతవరకు ఎవరికీ రక్తదానం చేయకూడదు. కనుక పెళ్ళి కావలసిన యువతులకు దీనిని సాధారణంగా ఇవ్వరు.

అప్రెమిలాస్ట్ 2014లో అమెరికాలో అనుమతి పొందింది. కొన్నేళ్ళకు భారతీయ కంపెనీలు చవకగా తయారు చేయడం మొదలుపెట్టాయి. రక్తపరీక్షల బెడద తక్కువ. విరేచనాలు, వికారం మొదటి వారాల్లో బాధిస్తాయి. బరువు తగ్గవచ్చు, కొందరిలో మనసు కుంగిపోతుంది. దీని శక్తి మధ్యరకం.

స్టెరాయిడ్ బిళ్ళలు, సూదులు

సోరియాసిస్‌కు స్టెరాయిడ్‌ను పూతగా వాడటం వేరు, బిళ్ళగానో సూదిగానో లోపలికి తీసుకోవడం వేరు. రెండవది, అరుదైన సందర్భాల్లో తప్ప, చేయకూడని పని. అయినా జరుగుతూనే ఉన్నది. సూది వేసిన వారం పది రోజుల్లో చర్మం అద్దంలా మారుతుంది. వేసినవారికి హస్తవాసి గలవారన్న పేరు వస్తుంది. మందు ప్రభావం తగ్గాక వ్యాధి తిరిగి వస్తుంది, మళ్ళీ సూది. ఈ చక్రంలో ముఖం గుండ్రంగా ఉబ్బడం, మధుమేహం, ఎముకల బలహీనత ఒక ఎత్తు. హఠాత్తుగా ఆపినప్పుడు జరిగేది మరో ఎత్తు.

అప్పుడు మామూలు మచ్చల సోరియాసిస్ చీము పొక్కుల రకంగా గానీ, తలనుండి పాదం వరకు చర్మమంతా కందిపోయే రకంగా గానీ మారవచ్చు. మొదటిదానిలో జ్వరంతో పాటు ఒళ్ళంతా సూదిమొనలంత చీము పొక్కులు లేచి, కలిసిపోయి, పొరలుగా ఊడిపోతాయి. ఆ చీములో సూక్ష్మజీవులు ఉండవు. రెండవదానిలో శరీరం వేడినీ, నీటినీ నిలుపుకోలేక వణుకు పుడుతుంది, కాళ్ళు వాస్తాయి, వృద్ధులలో గుండెకు భారమవుతుంది. రెండూ ఆసుపత్రిలో చేర్చవలసినవే. చీము పొక్కుల ఉధృతికి 2022లో స్పెసోలిమాబ్ అనే ప్రత్యేక మందు అమెరికాలో అనుమతి పొందింది.

పేరు, పదార్థాల వివరం లేకుండా పొట్లాల్లో ఇచ్చే "మూలికా" పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడుతూ ఉంటాయి. ఏ మందైనా కొద్ది రోజుల్లోనే అద్భుతంగా పనిచేసి, ఆకలి పెంచి, ముఖం ఉబ్బేలా చేస్తే అనుమానించాలి. అయితే నెలల తరబడి వాడినవారు భయపడి ఒక్కరోజులో మానివేయరాదు. వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పి క్రమంగా తగ్గించుకోవాలి.

బయోలాజికల్ మందులు

ఇవి జీవకణాలలో తయారుచేసే ప్రోటీన్లు. రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్ని కాక, అందులో ఒక్క సందేశాన్ని మాత్రమే అడ్డుకుంటాయి. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఎటనర్సెప్ట్‌కు 2004లో, అడాలిముమాబ్‌కు 2008లో సోరియాసిస్ కోసం అమెరికాలో అనుమతి లభించింది. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సెక్యుకినుమాబ్ 2015లో, ఇంటర్‌ల్యూకిన్-23ను అడ్డుకునే గుసెల్కుమాబ్ 2017లో వచ్చాయి. ఇటీవలివాటితో సగానికి పైగా రోగులలో మచ్చలు దాదాపు పూర్తిగా పోతున్నాయి. పాత మందులతో ఈ స్థాయి ఫలితం అరుదు. కొన్నింటిని రెండు మూడు నెలలకొక సూదిగా వేసుకుంటే చాలు.

భారతదేశంలో ఇటోలిజుమాబ్ అనే బయోలాజికల్ మందుకు 2013లో అనుమతి లభించింది. దీనిని క్యూబా శాస్త్రవేత్తల సహకారంతో రూపొందించారు. 2014లో అడాలిముమాబ్‌కు తొలి ప్రతిరూపం, అనగా బయోసిమిలర్, మన దేశంలోనే విడుదలైంది. దీనితో ధర కొంత దిగివచ్చినా, ఏళ్ళ తరబడి కొనసాగించడం ఇప్పటికీ చాలా కుటుంబాలకు సాధ్యం కాదు. డబ్బు చాలక మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కొన్ని మందులు మునుపటంత బాగా పనిచేయవు. ఎందుకంటే శరీరం వాటికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. మొదలుపెట్టేముందు ఈ లెక్క వేసుకోవడం వైద్యపరంగా కూడా అవసరమే.

మన దేశంలో వీటికి మరో ప్రత్యేకమైన చిక్కు క్షయ. ఎందరి శరీరాలలోనో క్షయ సూక్ష్మజీవి నిద్రాణంగా ఉంటుంది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే అది మేల్కొనవచ్చు. కనుక ఛాతీ ఎక్స్‌రే, చర్మంపై మాంటూ పరీక్ష లేదా రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు ముందుగా చేస్తారు. నిద్రాణ క్షయ ఉంటే దానికి మందు మొదలుపెట్టిన తరువాతే ఇది ఇస్తారు. ఇంటర్‌ల్యూకిన్-17, 23 మందులతో ఈ ముప్పు తక్కువ. ఇంటర్‌ల్యూకిన్-17 మందులతో నోటిలో శిలీంధ్రం రావడం, పేగుల వాపు వ్యాధి ఉన్నవారికి అది ముదరడం జరగవచ్చు. కొత్తదల్లా మంచిదని అనుకోరాదనడానికి ఎఫాలిజుమాబ్ ఉదాహరణ. 2003లో అనుమతి పొందిన ఈ మందును, మెదడుకు సోకే ప్రాణాంతక వ్యాధి కొందరిలో కనబడటంతో 2009లో ఉపసంహరించారు.

దేశీయ వైద్యం

ఆయుర్వేదం చర్మవ్యాధులను 18 రకాల కుష్ఠాలుగా వర్గీకరించింది. వాటిలో చేప పొలుసులను పోలిన ఏకకుష్ఠాన్ని, గరుకైన కిటిభాన్ని సోరియాసిస్‌తో పోలుస్తారు. కుష్ఠమన్న ఆ పదమే నేడు లెప్రసీకి వాడుకలో ఉండటంవల్ల రోగులకు లేనిపోని అవమానం కలిగింది. ఐరోపాలో కూడా ఈ రెండు వ్యాధులనూ చాలాకాలం కలగాపులగం చేశారు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా వీటిని స్పష్టంగా వేరుచేశాడు.

అంకుడు ఆకులను కొబ్బరినూనెలో నానబెట్టి ఎండలో ఉంచితే వచ్చే ఊదారంగు నూనె సిద్ధవైద్యంలో ప్రసిద్ధం. ఏటికొప్పాక లక్కబొమ్మలు తయారయ్యేది ఈ అంకుడు కర్రతోనే. ఈ నూనెపై జరిగిన పరిశీలనలు చిన్నవి. పొలుసులు మెత్తబడటంలో కొబ్బరినూనె పాత్ర ఎంత, ఆకు పాత్ర ఎంత అన్నది తేలలేదు. పైకి రాసుకోవడంవల్ల సాధారణంగా హాని లేదు. హాని కలిగేది దీనిని నమ్మి కీళ్ళ చికిత్సను గానీ, తీవ్రవ్యాధికి వాడే మందును గానీ మానినప్పుడే. లోపలికి తీసుకునే కొన్ని రసౌషధాల్లో పాదరసం, సీసం, ఆర్సెనిక్ వంటివి ఉండవచ్చు. ఈ విషయంలో పాశ్చాత్య వైద్యం గతమూ గొప్పది కాదు. 19వ శతాబ్దంలో అక్కడ సోరియాసిస్‌కు ఆర్సెనిక్ ద్రావణాన్నే తాగించారు. వారిలో కొందరికి ఏళ్ళ తరువాత అరచేతుల్లో ఆనెలు, చర్మ క్యాన్సర్లు వచ్చాయి.

హోమియోపతి మందులు ఈ వ్యాధిని తగ్గిస్తాయని నమ్మదగిన పరీక్షలలో రుజువు కాలేదు. సోరియాసిస్ తనంతట తాను కొన్ని నెలలు తగ్గి, మళ్ళీ రావడం దాని సహజగుణం. తగ్గే సమయంలో ఏ మందు వాడుతుంటే దానికే కీర్తి దక్కుతుంది.

ఆహారం, అలవాట్లు

వంకాయ, చేపలు, పులుపు మానితే సోరియాసిస్ తగ్గుతుందన్న నమ్మకం బలంగా ఉన్నది గానీ ఆధారం లేదు. గోధుమలు మానడం సీలియాక్ వ్యాధి ఉన్నవారికి మాత్రమే ఉపయోగం. నిజంగా ప్రయోజనం కలిగించేది స్థూలకాయులు బరువు తగ్గడం. దీనివల్ల వ్యాధి తీవ్రత తగ్గడమే కాక మందులు కూడా బాగా పనిచేస్తాయి. తీవ్ర సోరియాసిస్ ఉన్నవారిలో గుండెజబ్బు, మధుమేహం ఎక్కువగా కనబడతాయి కనుక పొగ, మద్యం మానడం రెండువిధాల మేలు. మచ్చలను గోకడం, పొలుసులను పెరకడం వల్ల గాయమైనచోటే కొత్త మచ్చలు లేస్తాయి. దీనిని 1870లలోనే కోబ్నర్ వర్ణించాడు.

గర్భిణులు, పిల్లలు

గర్భధారణ సమయంలో చాలామంది స్త్రీలకు వ్యాధి దానంతట అదే తగ్గి, ప్రసవమయ్యాక మళ్ళీ పెరుగుతుంది. మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ పూర్తిగా నిషిద్ధం. మెథోట్రెక్సేట్ వాడే స్త్రీలు గర్భం ధరించడానికి కొన్ని నెలల ముందే వైద్యుని సలహాతో ఆపాలి. తేమ లేపనాలు, తేలికపాటి స్టెరాయిడ్ పూతలు, నారోబ్యాండ్ కాంతి చికిత్స సురక్షితమైనవి. బయోలాజికల్ మందు తప్పనిసరైతే, మాయ ద్వారా బిడ్డకు అతితక్కువగా చేరే సెర్టోలిజుమాబ్‌ను ఎంచుకుంటారు.

పిల్లల చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక బలమైన స్టెరాయిడ్ పూతలు వారికి తగవు. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒంటిపై నీటిచుక్కల్లాంటి చిన్న మచ్చలు లేవడం పిల్లల్లోనూ, యువకుల్లోనూ కనబడే ఒక రకం. గొంతులోని స్ట్రెప్టోకోకస్‌కు యాంటీబయోటిక్ ఇస్తారు గానీ, దానివల్ల మచ్చలు త్వరగా పోతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఈ రకం చాలామందిలో కొద్ది నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం తరువాతి కాలంలో మామూలు సోరియాసిస్‌గా స్థిరపడుతుంది.